“కోర్టుకు పంపాం” అనకండి, కాగితం చేతికివ్వండి: కార్మిక శాఖ అధికారులకు బహిరంగ లేఖ

నమస్కారం సార్, నమస్కారం మేడమ్.

ఈ లేఖ తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కార్మికుడికీ యజమానికీ రాజీ కుదిర్చే రాజీ అధికారి కుర్చీలో కూర్చునే ప్రతి ఒక్కరికీ, సహాయ కార్మిక అధికారి మొదలుకొని జాయింట్ కమిషనర్ దాకా. ఏ ఒక్క ఆఫీసునో వేలెత్తి చూపడం లేదు. మీలో మంచివాళ్లను చాలామందిని చూశాను. సాయంత్రం ఏడింటి దాకా కూర్చుని, మేనేజ్‌మెంటు వాళ్లకు నాలుగుసార్లు ఫోన్ చేసి, మూడు నెలల బాకీ జీతం అక్కడికక్కడే ఇప్పించిన మేడమ్ కూడా మీలోనే ఉన్నారు. కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది, విసుగుతో రాస్తున్నది, ఆ విసుగు కూడా ఒకే ఒక్క మాట మీద: “మీ కేసు కోర్టుకు పంపాం.”

నేనెవరో చెప్తాను. ఒకప్పుడు జీడిమెట్లలో ప్యాకింగ్ యూనిట్‌లో కాంట్రాక్టు కార్మికుడిని. ఇప్పుడు యూనియన్ ఆఫీసులో పిటిషన్లు టైప్ చేస్తాను, కాయితాలు పట్టుకుని మీ ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. లాయర్ని కాను. వారంలో రెండు మూడు రోజులు మీ వరండాల్లోనే ఉంటాను కాబట్టి మీ అటెండర్లకు నేను బాగా తెలుసు, మీకు ముఖం గుర్తుండొచ్చు.

పోయిన నెల ఒకావిడ వచ్చింది. ఆసుపత్రిలో క్లీనింగ్ పని, తొమ్మిదేళ్ల సర్వీసు, ఒకరోజు సూపర్‌వైజర్ “రేపట్నుంచి రావద్దు” అన్నాడు, అంతే, కాగితం లేదు, నోటీసు లేదు. ఎవరో చెప్తే లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. రెండు వాయిదాలు అయ్యాయి, మేనేజ్‌మెంటు నుంచి ఎవరూ రాలేదు, మూడోసారి వెళ్తే “కుదరలేదమ్మా, ఇక కోర్టులో చూసుకోవాలి, పంపాం” అన్నారట. ఆవిడ ఇంటికెళ్లి కూర్చుంది. ఒక నెల కాదు, నాలుగు నెలలు. కోర్టు నుంచి కాయితం వస్తుందని, పోస్టుమేన్ వస్తే ముందు తనే ఎదురెళ్లేదట. నా దగ్గరికొచ్చి అడిగింది: “అన్నా, కోర్టోళ్లు ఎప్పుడు పిలుస్తారు?”

ఎవరూ పిలవరు. ఎవరూ ఏమీ పంపలేదు. ఆవిడే వెళ్లాలి. ఆ సంగతి ఆవిడకు చెప్పినవాళ్లు లేరు, రాసిచ్చినవాళ్లు అసలే లేరు.

తప్పు ఆఫీసర్‌ది మాత్రమే అని నేననను. “పంపాం” అనే మాటకు డెబ్భై ఏళ్ల పైచిలుకు చరిత్ర ఉంది, నోటికి అలవాటైపోయింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో నిజంగానే పంపడమనేది ఉండేది. మీరు రాజీకి కూర్చోబెడతారు, కుదరకపోతే సెక్షన్ 12(4) కింద రాజీ విఫలమైందని ఫెయిల్యూర్ రిపోర్టు రాస్తారు, అది ప్రభుత్వానికి పోతుంది, ప్రభుత్వం చూసి సరే అనుకుంటే సెక్షన్ 10 కింద లేబర్ కోర్టుకో ట్రైబ్యునల్‌కో రిఫర్ చేస్తుంది. అక్కర్లేదనుకుంటే చెయ్యదు, ఎందుకు చెయ్యలేదో మాత్రం కారణం రాసి ఇరుపక్షాలకూ తెలపాలి. అంటే కార్మికుడికీ జడ్జికీ మధ్య సెక్రటేరియట్‌లో ఒక తలుపు, దానికో తాళం, తాళంచెవి మన చేతిలో లేదు.

ఆ తలుపు దగ్గర నేనూ నిలబడ్డాను కాబట్టి ఈ సంగతి చెప్పుకోవాలి. 2009లో మేం 23 మందిమి. పదేళ్ల నుంచి అదే మెషిన్ల మీద, అదే షిఫ్టుల్లో, కంపెనీ సూపర్‌వైజర్ చెప్పినట్టే పనిచేసేవాళ్లం, జీతం చీటీ మీద మాత్రం కాంట్రాక్టర్ పేరు, అదీ రెండేళ్లకోసారి మారే పేరు. మమ్మల్ని పర్మినెంట్ చెయ్యాలని, పక్కన పనిచేసేవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని వివాదం లేవనెత్తాం. పాత చట్టం ప్రకారం రాజీ ప్రక్రియ 14 రోజుల్లో ముగియాలి. మాకు పదమూడు నెలలు పట్టింది. ఫెయిల్యూర్ రిపోర్టు వెళ్లింది. మరో ఏడాదికి ప్రభుత్వం నుంచి ఒక కాగితం వచ్చింది: వీళ్లు కాంట్రాక్టర్ కార్మికులు, కంపెనీకీ వీళ్లకూ యజమాని, ఉద్యోగి సంబంధం లేదు, కాబట్టి రిఫర్ చెయ్యాల్సిన అవసరం కనిపించడం లేదు. అయ్యా, ఆ సంబంధం ఉందా లేదా అన్నదే కదా మా గొడవంతా! అది తేల్చమనే కదా కోర్టుకు పంపమన్నది. పరీక్ష రాయనివ్వకుండానే ఫెయిల్ చేసినట్టయింది.

ఇది మా ఒక్కళ్ల కథే అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అచ్చం ఇదే గొడవ మీద సుప్రీంకోర్టు 1989లోనే టాటాల లారీల కంపెనీ టెల్కో కాన్వాయ్ డ్రైవర్ల కేసులో తీర్పిచ్చిందని. జంషెడ్‌పూర్ ఫ్యాక్టరీ నుంచి బండ్లు తోలుకెళ్లే డ్రైవర్లు తమను కంపెనీ ఉద్యోగులుగా గుర్తించాలన్నారు, బిహార్ ప్రభుత్వం మీరు ఉద్యోగులే కాదంటూ రిఫరెన్స్ నిరాకరించింది, సుప్రీంకోర్టు మాత్రం వివాదంలోని మంచిచెడ్డలు తేల్చే పని ప్రభుత్వానిది కాదు, ట్రైబ్యునల్‌ది అని చెప్పి రిఫర్ చెయ్యమంది. మా కాగితం వచ్చింది ఆ తీర్పు వచ్చిన ఇరవై రెండేళ్లకు! మేం హైకోర్టుకెళ్లాం, మళ్లీ అదే మాట చెప్పించుకుని రిఫరెన్స్ తెచ్చుకునేసరికి 23 మందిలో మిగిలింది తొమ్మిది మంది. ఒకాయన చనిపోయాడు, ఇద్దరు దుబాయ్ వెళ్లిపోయారు, మిగతావాళ్లు ఏదో ఒక పని వెతుక్కుని “మాకెందుకు లేరా ఈ గోల” అన్నారు. చివరికి 2018లో ఎంతో కొంత తీసుకుని రాజీ పడ్డాం. ఆ డబ్బులో నా వాటా ఎంతో చెప్తే మీరు నవ్వుతారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. పని నుంచి తీసేసిన విషయంలో మాత్రం మనవాళ్లు దేశం కంటే ముందే మేలుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లోనే చట్టాన్ని సవరించి, డిస్మిస్ అయిన కార్మికుడు ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఆగకుండా సెక్షన్ 2ఏ(2) కింద నేరుగా లేబర్ కోర్టులో పిటిషన్ వేసుకునే వీలు కల్పించింది. కేంద్రం దేశమంతటికీ అలాంటి వీలు ఇచ్చింది 2010లో, అదీ రాజీ అర్జీ ఇచ్చాక 45 రోజులు ఆగాలి, మూడేళ్లలోపు రావాలి అనే షరతులతో. హైదరాబాద్, వరంగల్, గోదావరిఖని, గుంటూరు, విశాఖ, అనంతపురం, ఏ లేబర్ కోర్టు ఆవరణలో అడిగినా “టూఏటూ” అంటే టీ అమ్మేవాడికి కూడా తెలుసు. ఉద్యోగం పోయినవాడికి ఆ దారి నిజంగా ప్రాణం పోసింది. కానీ జీతాలు, బోనస్, పర్మినెంట్ చెయ్యడం, కాంట్రాక్టు లాంటి గుంపు వివాదాలన్నీ పాత తలుపు దగ్గరే ఆగిపోయేవి, మాలాగా.

ఇప్పుడు ఆ తలుపే తీసేశారు. 2025 నవంబరు 21 నుంచి ఆ 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. జాతీయ ట్రైబ్యునల్‌కు వెళ్లే వివాదాలను వదిలేస్తే, ఇక ప్రభుత్వం రిఫర్ చేసేది ఏమీ లేదు. రాజీ కుదరకపోతే మీరు రిపోర్టు రాస్తారు, ఆ రిపోర్టు ప్రభుత్వానికే కాదు, ఇరుపక్షాలకూ పంపాలి, అది అందిన రోజు నుంచి 90 రోజుల్లో ఎవరైనా నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. తీసేసిన కార్మికుడైతే మీకు అర్జీ ఇచ్చి 45 రోజులు గడిచాక రిపోర్టుతో పని లేకుండానే వెళ్లొచ్చు, కాకపోతే తీసేసిన తేదీ నుంచి రెండేళ్లలోపు. ఇదివరకు మూడేళ్లు, ఇప్పుడు రెండు. మీరు కూడా వివాదం పుట్టిన రెండేళ్ల తర్వాత రాజీకి కూర్చోబెట్టడానికి వీల్లేదు. కొత్త ట్రైబ్యునళ్లు ఏర్పడేదాకా పాత లేబర్ కోర్టులే నడుస్తాయని కేంద్రం అదే ఏడాది డిసెంబరులో ఉత్తర్వు కూడా ఇచ్చింది, కాబట్టి “ఇంకా ఎక్కడికెళ్లాలో తెలీదు” అనే మాటకు చోటు లేదు.

కోడ్ మీద నాకు వేరే కోపాలు చాలా ఉన్నాయి, సమ్మె నోటీసు సంగతి, లేఆఫ్ సంగతి, అవన్నీ ఇంకో రోజు. ఈ ఒక్క విషయంలో మాత్రం సెక్రటేరియట్ తాళం పోవడం మంచిదే అంటాను, మా యూనియన్‌లో కొందరు ఒప్పుకోరు, తిడతారు కూడా. “ప్రభుత్వం చేతులు దులుపుకుంది, పేదోడు ఒంటరిగా కోర్టుకు పోవాలా” అంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే ఈ లేఖ. ప్రభుత్వం మధ్యలోంచి తప్పుకున్నాక కార్మికుడికీ కోర్టుకీ మధ్య మిగిలిన ఒకే ఒక్క మనిషి మీరు, ఒకే ఒక్క వస్తువు మీ రిపోర్టు. ఆ రిపోర్టు కార్మికుడి చేతికి అందకపోతే 90 రోజుల గడువు మొదలవదు, నిజమే, కానీ తలుపూ తెరుచుకోదు. అందిందో లేదో తెలియకపోతే ఇంకా ఘోరం, రెండేళ్లకు మేనేజ్‌మెంటు లాయర్ లేచి “ఫలానా తేదీన వీళ్లకు రిపోర్టు పోస్టులో పంపారు, గడువు దాటింది” అంటాడు, మావాడు “నాకు రాలేదు సార్” అంటాడు, అసలు కేసు పక్కకుపోయి పోస్టాఫీసు కేసు మొదలవుతుంది.

ఇక ఆ రిపోర్టులో ఏముంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గత పదేళ్లలో నా చేతికొచ్చినవి ఒక ఫైలులో పెట్టుకున్నాను. చాలావాటిలో నాలుగంటే నాలుగు వాక్యాలు, అన్నీ ఇంగ్లీషులో: ఫలానా తేదీన అర్జీ వచ్చింది, ఇరుపక్షాలనూ పిలిచాం, ఎవరి వాదన మీద వారు పట్టుబట్టారు, కాబట్టి రాజీ విఫలమైంది. ఎవరి వాదన ఏమిటి? మేనేజ్‌మెంటు వాళ్లు మూడు వాయిదాలు ఎగ్గొట్టిన సంగతి ఏది? హాజరు రిజిస్టర్ తెస్తామని నోటితో ఒప్పుకుని తర్వాత తేని సంగతి ఏది? “ఈమె మా దగ్గర పనిచేసిన మాట నిజమే కానీ” అని హెచ్చార్ మేనేజర్ మీ టేబుల్ ముందే అన్న మాట ఏది? ఆ “పనిచేసిన మాట నిజమే” అన్న ఒక్క ముక్క రిపోర్టులో ఉంటే, రేపు కోర్టులో “అసలు ఈవిడెవరో మాకు తెలియదు” అని జవాబు (కౌంటర్) వేసినప్పుడు కనీసం ఒక ప్రశ్న అడగడానికి ఆధారం దొరుకుతుంది. చట్టం మిమ్మల్ని అడిగింది నాలుగు వాక్యాలు కాదు. పాత సెక్షన్‌లోనూ కొత్త కోడ్‌లోనూ ఒకటే మాట: విషయం తెలుసుకోవడానికి ఏం చేశారో, రాజీకి ఏం ప్రయత్నించారో, వాస్తవాలు ఏమిటో పూర్తిగా, ఎందుకు కుదరలేదో మీ అభిప్రాయంలో కారణాలతో సహా రాయాలి. పూర్తిగా అనే మాట చట్టంలోదే, నేను కలిపింది కాదు.

పని ఎక్కువ, స్టాఫ్ తక్కువ అంటారు. ఒప్పుకుంటాను. ఒక్కో అధికారికి ఎన్ని మండలాలో, ఎన్ని చట్టాలో, పైగా భవన నిర్మాణ కార్మికుల కార్డులు, బాల కార్మికుల తనిఖీలు, మీటింగులు, మంత్రిగారి పర్యటనలు, అన్నీ చూస్తూనే ఉన్నాను. కానీ నేనడిగేది కొత్త పని కాదు. వాయిదా రోజున మీ ముందు జరిగిందే, మీరు విన్నదే, ఆ రోజే ఐదు వాక్యాల్లో రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించి ఒక్కో కాపీ ఇచ్చెయ్యండి. ఆఖర్లో రిపోర్టు రాసేటప్పుడు వాటిని వరసగా పేర్చితే చాలు. మూడు నెలల తర్వాత జ్ఞాపకం తెచ్చుకుని రాయడం కంటే అదే తక్కువ పని కాదా?

మేనేజ్‌మెంటు రాకపోతే ఏం చేస్తామండీ అని ఒకాయన నన్ను అడిగారు, నిజాయితీగానే అడిగారు. సార్, మీకు అధికారం ఉంది. మనిషిని హాజరు కమ్మని పిలిపించడానికీ, కాగితాలు తెప్పించి చూడటానికీ సివిల్ కోర్టుకున్నంత అధికారం చట్టం రాజీ అధికారికి ఇచ్చింది, పాత చట్టంలో సెక్షన్ 11(4)లో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంచారు. నా ఇన్నేళ్ల తిరుగుడులో దాన్ని వాడిన ఆఫీసర్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి వాడారు, చూశాను: పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ కేసులో ఆఫీసర్ గారు మస్టర్ రోల్స్, అంటే హాజరు పట్టీలు, తెమ్మని సమన్లు ఇచ్చేసరికి ఆరు నెలలు ముఖం చూపించని పెద్దమనిషి మర్నాడు పదింటికల్లా ఫైళ్లతో వచ్చి కూర్చున్నాడు, ఆ వారంలోనే సెటిల్‌మెంట్ అయింది. సెక్షన్ 12(3) కింద రాజీ ఒప్పందం మీద సంతకాలు పెట్టిన ఆ రోజు ఆఫీసర్ గారే మాకు టీ తెప్పించారు. ఆ ఒక్క సమన్లకు అయిన ఖర్చు ఒక తెల్ల కాగితం.

ఇంకో సంగతి, చిన్నదే కానీ గుచ్చుకుంటుంది. రాజీ సమావేశంలో లాయర్లు ఉండకూడదని చట్టం. కార్మికుడు ఆ మాట నమ్మి ఒక్కడే వస్తాడు. అవతల కంపెనీ తరఫున “హెచ్చార్ కన్సల్టెంట్” అని ఒకాయన వస్తాడు, పొద్దున నల్లకోటుతో లేబర్ కోర్టులో కనిపించిన మనిషే, మధ్యాహ్నం కోటు కారులో వదిలేసి మీ ముందుకొస్తాడు. మీరూ గుర్తుపడతారు, నేనూ గుర్తుపడతాను. కనీసం ఆయన హోదా ఏమిటో, ఆథరైజేషన్ లెటర్ ఉందో లేదో మినిట్స్‌లో రాయండి.

గల్ఫ్ మాట ఎత్తితే మా వాళ్లు కొందరికి నచ్చదు, అక్కడ ఏం స్వర్గముందని అంటారు, స్వర్గమేమీ లేదు. కానీ మా 23 మందిలో దుబాయ్ వెళ్లిన ఇద్దరిలో ఒకాయనది జగిత్యాల దగ్గర ఊరు, అక్కడ రెండు నెలల జీతం ఎగ్గొడితే కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు పెట్టాడు. అక్కడి పద్ధతి ప్రకారం 14 రోజుల్లో రాజీ కుదరకపోతే శాఖే కేసును కోర్టుకు బదిలీ చేస్తుంది, 2024 నుంచి 50 వేల దిర్హాముల లోపు గొడవల్లో శాఖే తేల్చి చెప్పేస్తోంది కూడా. మావాడికి అరబ్బీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా తన ఫిర్యాదు నంబరు ఎంత, ఏ రోజు ఎక్కడికి వెళ్లాలి అన్నది ఫోన్‌లో ఉంది, నాకు చూపించాడు. ఇక్కడ మన ఊళ్లో, మన భాషలో, మనం ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వ ఆఫీసులో, తొమ్మిదేళ్లు ఆసుపత్రి తుడిచిన ఆవిడకు తన అర్జీ నంబరు తెలియదు. ఎందుకంటే ఇవ్వలేదు. “పెద్దసారుకు ఇచ్చాను” అంటుంది, అంతే.

ఆ అర్జీ రసీదు దగ్గరే మొదలవుతుంది అంతా. తీసేసిన కార్మికుడికి 45 రోజుల లెక్క మీకు అర్జీ ఇచ్చిన తేదీ నుంచి. ఆ తేదీకి రుజువు మీ ఇన్‌వార్డు ముద్ర. “ఇక్కడ పెట్టి వెళ్లమ్మా” అని టేబుల్ మీద చూపించే అలవాటు ఉన్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి, మావాళ్లు పెట్టి దండం పెట్టి వెళ్లిపోతారు. అందుకే నేను ఎవరు వచ్చినా ముందు చెప్పేది: రెండు కాపీలు పట్టుకెళ్లు, ముద్ర వెయ్యకపోతే కదలకు, వెయ్యనంటే బయటికొచ్చి పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు చేసి రసీదు దాచుకో. నేనిలా చెప్పాల్సి రావడమే మీకు చిన్నతనం కదా సార్.

భాష సంగతి. తెలుగును అధికార భాషగా చేసుకుంటూ 1966లోనే చట్టం చేసుకున్నాం. మీరు కార్మికుడితో మాట్లాడేది తెలుగులో, మేనేజ్‌మెంటుతో మాట్లాడేది కూడా ఎక్కువగా తెలుగులోనే, రాసేది మాత్రం ఇంగ్లీషులో. ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికులు ఉన్నారు, తెలుగు ఒక్కటే సరిపోదు, తెలుసు. కానీ కనీసం రిపోర్టు మీద పైన పెద్ద అక్షరాలతో మూడు ముక్కలు తెలుగులో రాయొచ్చు: రాజీ కుదరలేదు. మీరు ఫలానా తేదీలోపు ఫలానా కోర్టులో స్వయంగా పిటిషన్ వేసుకోవాలి. మేము పంపము. ఈ మూడో ముక్క ముఖ్యం. “మేము పంపము” అని రాసి ఉంటే ఆవిడ నాలుగు నెలలు పోస్టుమేన్ కోసం చూసేది కాదు. ఉద్యోగం పోయిన మనిషికి నాలుగు నెలలంటే నాలుగు నెలల ఇంటద్దె, పిల్లల స్కూలు ఫీజు ఒక టర్ము, చిట్టీ వాయిదాలు, ఇంకా మెడలోని పుస్తెలు ఎన్నిసార్లు మార్వాడీ కొట్టుకు వెళ్లొచ్చాయో ఆవిడనే అడగాలి.

మీరు చెయ్యకూడనిది కూడా ఒకటుంది, పాత ప్రభుత్వ కాగితం మాకు చేసింది మీరు చెయ్యకండి. కొత్త పద్ధతిలో సెక్రటేరియట్ లేదు కాబట్టి ఆ తాళంచెవి మెల్లగా మీ జేబులోకి వస్తుందేమో అని నా భయం. “నువ్వు సూపర్‌వైజర్‌వి, కార్మికుడివి కావు, అర్జీ తీసుకోము”, “నువ్వు కాంట్రాక్టర్ మనిషివి, కంపెనీని ఎందుకు పిలవాలి”, “సంవత్సరంన్నర తర్వాత వచ్చావు, ఇప్పుడేం చేస్తాం”. ఇవన్నీ నేను కౌంటర్ దగ్గర విన్న మాటలే. సూపర్‌వైజర్ అని పేరున్నంత మాత్రాన కాదు, ఆ పనిచేస్తూ నెలకు 18,000 దాటితేనే కోడ్ అతన్ని బయట పెడుతుంది, అసలు చేసే పని సూపర్‌వైజర్ పనేనా అన్నది సాక్ష్యం చూసి కోర్టు తేల్చాలి. కాంట్రాక్టు నిజమా, ముసుగా అన్నది కూడా పారిశ్రామిక న్యాయస్థానమే తేల్చాలని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అనుమానముంటే ఆ అనుమానాన్ని రిపోర్టులో రాయండి, తప్పు లేదు. అర్జీని మాత్రం కౌంటర్ దగ్గర చంపకండి.

ఫైలు మూసేయడం గురించి ఒక్క మాట. “అర్జీదారు మూడు వాయిదాలకు రాలేదు, కాబట్టి మూసివేయడమైనది.” రాలేదు, ఎందుకంటే ఇక్కడ పని పోయింది కాబట్టి కూలి కోసం కరీంనగర్ వెళ్లాడు, నోటీసు పాత అద్దింటికి పోయింది. ఫోన్ నంబరు అర్జీ మీద ఉంది. మూసేసే ముందు ఒక్క ఫోన్ చెయ్యమని అడగడం ఎక్కువా? మేనేజ్‌మెంటు వాళ్లకైతే నాలుగు ఫోన్లు వెళ్తాయి, “సార్, మీ వాయిదా ఉంది” అని గుర్తుచేస్తూ. (నా ముందే చేశారు, స్పీకర్ పెట్టి మరీ.)

రిపోర్టు కాపీ కావాలంటే ఆర్‌టీఐ పెట్టుకో అని చెప్పే ఆఫీసులున్నాయి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, ఆ తర్వాత అప్పీలు. నేను పెట్టించాను చాలామందితో, వచ్చాయి కూడా. కానీ ఇప్పుడు ఇరుపక్షాలకూ పంపాలని కోడ్‌లోనే ఉన్న కాగితాన్ని, అడిగి, ఫీజు కట్టి, నెల ఆగి తీసుకోవడమేమిటి? అది కార్మికుడు అడుక్కునే కాగితం కాదు, మీరు బాకీ ఉన్న కాగితం.

ఆసుపత్రి ఆవిడ సంగతి చెప్పి ఆపుతాను. మీకు అర్జీ ఇచ్చి 45 రోజులు ఎప్పుడో దాటింది కాబట్టి రిపోర్టుతో పని లేకుండానే పిటిషన్ తయారుచేశాం. తేదీ రుజువుకు ఏం పెట్టాలో తెలియలేదు, రసీదు లేదు కదా. ఆవిడ ఫోన్‌లో వెతికితే ఒక ఫోటో దొరికింది, అర్జీ ఇచ్చిన రోజు మీ ఆఫీసు గోడ మీద బోర్డును వాళ్ల అబ్బాయికి చూపించడానికి తీసిందట, “బస్సు ఎక్కడ దిగాలో నీకు తెలుస్తుందిలే” అని. ఆ ఫోటో మీద తేదీ ఉంది. ఒప్పుకుంటారో లేదో, అదే పెట్టాం.

నేను ఒక నమూనా తయారుచేశాను, ఒకే పేజీ, తెలుగులో. పైన అర్జీ నంబరు, తేదీ. మధ్యలో ఏ వాయిదాకు ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, ఏ కాగితాలు అడిగారు, తెచ్చారా లేదా. కింద గడువు తేదీ, వెళ్లాల్సిన కోర్టు, “మేము పంపము” అనే వాక్యం, అందుకున్నవాళ్ల సంతకం. ఇందులో న్యాయపరంగా తప్పులుంటే దిద్దండి, నాకు చదువు తక్కువ. ఈ లేఖతో పాటు ఆ నమూనాను వచ్చే సోమవారం నేను తిరిగే ప్రతి లేబర్ ఆఫీసులో ఇన్‌వార్డులో ఇస్తున్నాను. రెండు కాపీలు తెస్తాను. ఒకదాని మీద ముద్ర వేసి, తేదీ వేసి, తిరిగి ఇవ్వండి.

ఇట్లు,
మీ వరండాలో ఎడమవైపు బెంచీ మీద కూర్చునే టైపిస్టు